రాగం తియ్యని రాఘవ

పోయిన సంవత్సరం కాలేజ్ డేకి నేను దుర్యోధనుడి వేషం వేసిన సంగతి మీలో చానామందికి గుర్తుండే ఉంటుంది. మరిచిపోయి ఉంటే సంతోషం. క్లాసులో అందరికంటే పొడుగు కాబట్టి మీసం నాకే పడింది. కాటుకతో దిద్దిన ఆ మీసం చెమటకి కారి చెంపమీదికొచ్చింది. అట్టతో చేసి బంగారురంగు కాగితం అంటించిన గద మధ్యలో వంగిపోయింది. అవన్నీ ఎట్లో సర్దుకున్నాను గానీ పద్యం దగ్గర మాత్రం పరువు పోయింది. పద్యం చివర రాగం తియ్యాలి, తియ్యకపోతే అది పద్యమే కాదు అని అందరూ చెప్పారు. సరేనని తీశాను. సగంలో గొంతు చీలింది. వెనకనుంచి వన్స్ మోర్ అని కేకలొచ్చాయి. అవి మెచ్చుకుని వేసిన కేకలు కావని నాకు తెలుసు, వేసినవాళ్ళకి ఇంకా బాగా తెలుసు. వాళ్ళ పేర్లు ఇక్కడ రాయను, భయపడొద్దు.

ఇంటికొచ్చి ముఖం కడుక్కోకుండా కూర్చుంటే నాన్న ఓదార్పుగా ఒక మాట చెప్పారు. బళ్ళారి రాఘవ కూడా పద్యానికి రాగాలు తీసేవారు కాదట, మనిషి మాట్లాడినట్టే చెప్పేవారట, అయినా ఆంధ్రదేశమంతా ఆయన్ని నెత్తిన పెట్టుకుందట. దాంతో నా ఏడుపు ఆగింది, సిగ్గు మొదలైంది. ఎందుకంటే మన ఊళ్ళో రాఘవ కళామందిరం ముందునుంచి నేను ఎన్నిసార్లు పోయానో లెక్క లేదు. ఆ పేరు హాలు కట్టించిన ఎవరో షావుకారుది అనుకునేదాన్ని. బి.ఏ. తెలుగు చదువుతూ ఈ సంగతి ఒప్పుకోవడం కష్టంగానే ఉంది. మేడమ్ గార్లు మన్నించాలి.

అప్పటినుంచి లైబ్రరీలో దొరికింది చదివి, పెద్దవాళ్ళని అడిగి, ఆయన గురించి తెలుసుకున్నది మీతో చెప్పాలని ఇది రాస్తున్నాను.

ఆయన పూర్తి పేరు తాడిపత్రి రాఘవాచార్యులు. 1880 ఆగస్టు 2న తాడిపత్రిలో పుట్టారు. ఈ ఒక్క వాక్యం మీద మా ఇంట్లో తగాదా ఉంది. మా నాన్నవైపు తెలుగు, అమ్మవైపు కన్నడం. నాన్నని కన్నావిడ మాకు అవ్వ, అమ్మని కన్నావిడ అజ్జి. అవ్వది తాడిపత్రి పక్క ఊరు కాబట్టి రాఘవ మా అనంతపురం జిల్లావాడు అంటుంది. అమ్మేమో ఊరి పేరే ఇంటిపేరైపోయిన మనిషిని పట్టుకుని అదేం మాట, ఆయన బళ్ళారివారే అంటుంది. నేను వెతికి చూస్తే ఇద్దరిదీ నిజమే అని తేలింది. ఆయన పుట్టిన 1880లో అనంతపురం జిల్లా అనేదే లేదు. దాన్ని బళ్ళారి జిల్లానుంచి విడదీసింది 1882లో. అంటే తాడిపత్రిలో పుట్టినా ఆయన పుట్టింది బళ్ళారి జిల్లాలోనే. ఈ మాట చెప్పాక అవ్వ రెండు రోజులు నాతో సరిగ్గా మాట్లాడలేదు.

తండ్రి నరసింహాచార్యులు పండితులు, బళ్ళారిలో ఉపాధ్యాయులు. మేనమామ ధర్మవరం రామకృష్ణమాచార్యులు. ఈ పేరు మనం నాటక సాహిత్య చరిత్ర పాఠంలో ఆంధ్ర నాటక పితామహుడు అన్న బిరుదుతో కలిపి బట్టీ కొట్టాం. చిత్రనళీయం, విషాద సారంగధర రాసినవారు. ఆయన ఇక్కడే వకీలుగా ఉంటూ సరస వినోదిని సభ పెట్టారన్నది మాత్రం పరీక్షలో అడగరు కాబట్టి మనం గుర్తుపెట్టుకోలేదు. ఆ సభకి పోటీగా అన్నట్టు ఇంకో వకీలు, కోలాచలం శ్రీనివాసరావు, ఇదే ఊళ్ళో సుమనోరమ సభ నడిపారు. ఈరోజు బళ్ళారి అంటే గనులు, స్టీలు, జీన్స్ ప్యాంట్లు. నూట ముప్పై ఏళ్ళ కింద బళ్ళారి అంటే నాటకం. ఇంత ఎండలో, ఇన్ని రాళ్ళ మధ్య, పగలంతా కోర్టులో వాదించుకున్న వకీళ్ళు రాత్రికి కిరీటాలు పెట్టుకునేవాళ్ళంటే నాకు తలుచుకుంటేనే నవ్వొస్తుంది, ముచ్చటేస్తుంది. ధారవాడనుంచి కన్నడ నాటకాలవాళ్ళు వచ్చి ఆడిపోతే, అది చూసి తెలుగు నాటకం ఇక్కడ మొలకెత్తింది. కాబట్టి మా అజ్జి వాళ్ళకీ ఇందులో వాటా ఉంది.

అట్లాంటి మేనమామ ఇంట్లో ఉంటే పిల్లవాడు ఊరికే ఉంటాడా? బడిలో ఉండగానే రాఘవ స్నేహితుల్ని పోగేసి షేక్‌స్పియర్ క్లబ్బు పెట్టి ఇంగ్లీషు నాటకాలు ఆడించారు. తర్వాత మద్రాసు క్రిస్టియన్ కాలేజీలో డిగ్రీ, 1905లో లా. తిరిగొచ్చి బళ్ళారిలో ప్రాక్టీసు. కొన్నాళ్ళకి పబ్లిక్ ప్రాసిక్యూటరు కూడా అయ్యారు. డబ్బుకి లోటు లేని మనిషి. నాటకం ఆడి సంపాదించుకోవాల్సిన అవసరం లేదు, ఆడి వచ్చింది మంచిపనులకి ఇచ్చేసేవారు.

నాకు ముఖ్యం అనిపించిన సంగతి ఇక్కడే ఉంది. అప్పటి తెలుగు నాటకం అంటే పద్యం, పద్యం అంటే రాగం. హార్మోనియం పక్కనే ఉంటుంది. రాజు యుద్ధానికి పోతూ రాగం తీస్తాడు, రాణి ఏడుస్తూ రాగం తీస్తుంది, కొడుకు చచ్చిపోయినా తల్లి రాగం పూర్తయ్యేదాకా ఆగాలి. జనం వన్స్ మోర్ అంటే చచ్చినవాడు కూడా లేచి మళ్ళీ పాడి మళ్ళీ చావాలి. జనం డబ్బిచ్చి వచ్చేది దానికే. తెలుగు నాటకంలోకి పాటల్ని తెచ్చినవాళ్ళలో మేనమామ రామకృష్ణమాచార్యులే ముఖ్యులు. మేనల్లుడు దానికి అడ్డం తిరిగారు. పద్యాన్ని అర్థం తెలిసేటట్టు, ఆ మనిషి ఆ కష్టంలో ఎట్లా మాట్లాడతాడో అట్లా చెప్పాలన్నారు, చెప్పి చూపించారు. చెయ్యి ఊరికే ఊపకుండా, ఎదుటివాడి మాట వింటున్నప్పుడు కూడా ముఖంలో పాత్ర ఉండాలని పట్టుబట్టారు. మనకి ఇప్పుడు ఇది మామూలు మాట. సినిమాలు చూసి పెరిగాం కాబట్టి. అప్పుడు మాత్రం జనం చేతిలోని లడ్డు లాక్కున్నట్టే.

ఒక మాట అనకుండా ఉండలేను. ఈ ధైర్యంలో కొంత భాగం ఆయన వకీలు ఫీజుది కూడా. టికెట్టు డబ్బుల మీద బతికే కంపెనీ నటుడు వన్స్ మోర్ అన్న జనానికి పాడను అని చెప్పగలడా? చెప్తే మర్నాడు పొయ్యి వెలగదు. రాఘవ చెప్పగలిగారు. అందువల్ల ఆయన గొప్పతనం తగ్గిందని నేను అనడంలేదు. చేతిలో డబ్బూ పేరూ ఉన్నవాళ్ళు చానామంది ఉంటారు, దాన్ని ఇట్లా ఖర్చుపెట్టినవాళ్ళు తక్కువ.

ఆయన వేసిన వేషాలు వరుసగా రాసుకుంటే నాకు ఒకటి కనిపించింది. మంచివాళ్ళు తక్కువ. హిరణ్యకశిపుడు, దుర్యోధనుడు, చాణక్యుడు, షైలాక్, ఒథెల్లో. హరిశ్చంద్రుడు, రామదాసు లేరని కాదు. కానీ ఆయనకి పేరు తెచ్చినది పఠాన్ రుస్తుం. కోలాచలం శ్రీనివాసరావు తళ్ళికోట యుద్ధం మీద, విజయనగర సామ్రాజ్యం కూలిపోవడం మీద రాసిన నాటకంలో పాత్ర అది. హంపి మనకి బస్సులో పోయి సాయంత్రానికి వచ్చేంత దూరం. ఆ కూలిన గోడల్ని చూస్తూ పెరిగిన ఊరి జనం ముందు, కూల్చినవాళ్ళ పక్షం మనిషిగా నిలబడి మెప్పించడం అంటే ఆలోచించండి. మేనమామ ఒక సభ పెద్ద, పేరు తెచ్చిన వేషం రెండో సభ పెద్ద రాసినది, ఇది ఇంకో తమాషా. ఇంట్లో పండగ భోజనాల దగ్గర ఎట్లా ఉండేదో!

చెడ్డవాడి వేషానికి మీసం పెద్దది, గొంతు పెద్దది, అంతే అనుకునే రోజుల్లో ఆయన చెడ్డవాడి లోపల మనిషిని వెతికారు. హిరణ్యకశిపుడు రాక్షసుడే, కానీ ప్రహ్లాదుడికి తండ్రి కూడా. కొడుకు మాట వినడంలేదన్న బాధ ఏ తండ్రికైనా ఒకటే. దుర్యోధనుడికి అవమానం తగిలింది. మొదట అందరూ నవ్వారు, తర్వాతే ఆయన చెడ్డపని చేశాడు. ఇది చదివినరోజు నాకు కాలేజ్ డే గుర్తొచ్చింది. మయసభలో జారిపడిన మనిషి వేషం వేసి, స్టేజీమీద నేనే జారిపడ్డాను. ఆ నవ్వులు వింటున్నప్పుడు నాకు దుర్యోధనుడు మొదటిసారి అర్థమయ్యాడు. అప్పటికే తెర పడిపోయింది.

తెలుగుతో ఆగలేదు ఆయన. కన్నడంలో ఆడారు, ఇంగ్లీషులో ఆడారు, హిందీలో ఆడారు. బెంగళూరులోని అమెచ్యూర్ డ్రమాటిక్ అసోసియేషన్‌తో కలిసి పనిచేశారు. 1927లో గాంధీగారు జబ్బుపడి నంది కొండమీదా బెంగళూరులోనూ విశ్రాంతి తీసుకుంటున్నప్పుడు రాఘవ దీనబంధు కబీర్ నాటకం హిందీలో ఆడితే ఆయన చూశారు. ఆ రోజుల్లోనే రాఘవ ఇంగ్లండు పోయి అక్కడి నాటకాలు చూసి, బెర్నార్డ్ షాని కలిసి వచ్చారు. మా ఇంట్లో వంటింట్లో కన్నడం, హాల్లో తెలుగు, టీవీలో హిందీ, నా పుస్తకాల్లో ఇంగ్లీషు. ఏ భాషలోనూ మేం పూర్తిగా సరిగ్గా మాట్లాడమని బంధువులు వెక్కిరిస్తారు. నాలుగు భాషల ఊళ్ళో పెరగడం ఒక లోపం కాదని నాకు ఆయన్ని చదివాకనే అనిపించింది.

ఇక ఆడవాళ్ళ సంగతి. ఈ వ్యాసం రాయడానికి అసలు కారణం అదే.

ఆ కాలంలో నాటకంలో ఆడవేషాలు మగవాళ్ళే వేసేవారు. వేసినవాళ్ళలో గొప్పవాళ్ళున్నారు. స్థానం నరసింహారావు గారు సత్యభామ వేస్తే ఆడవాళ్ళు ఆయన్ని చూసి చీరకట్టు నేర్చుకున్నారని చెప్పుకుంటారు. సురభి నాటకాలవాళ్ళ కుటుంబాల్లో ఆడవాళ్ళు మొదటినుంచీ స్టేజీ ఎక్కారు, కాబట్టి ఆడదాన్ని మొదట స్టేజీ ఎక్కించింది రాఘవే అని ఎవరైనా అంటే నమ్మకండి. కానీ చదువుకున్న ఇళ్ళనుంచి, నాటకం కులవృత్తి కాని ఇళ్ళనుంచి ఆడవాళ్ళు వచ్చి మగవాళ్ళతో కలిసి నటించడం అనేది అప్పటికి వినరాని మాట. రాఘవ ఆడవేషం ఆడవాళ్ళే వెయ్యాలని పట్టుబట్టారు. పద్యాన్ని మాటలాగా చెప్పాలన్నవాడికి ఇది తప్పదు కదా. గడ్డం గీక్కున్న మనిషి ద్రౌపదిగా వచ్చి నిలబడితే, ఎంత బాగా చేసినా, జనం చూసేది ద్రౌపదిని కాదు, ఆయన ఎంత బాగా చేస్తున్నాడో అని.

మద్రాసులో పి.వి. రాజమన్నార్ అనే యువ వకీలు తప్పెవరిది అని ఒక నాటకం రాశారు. దేవుళ్ళు, రాజులు లేరు, మన ఇళ్ళలోని మనుషులు, మొగుడూ పెళ్ళాం తగాదాలు. రాజమన్నార్ తర్వాత మద్రాసు హైకోర్టు ప్రధాన న్యాయమూర్తి అయ్యారు. చూశారా, ఈ కథలో ఎటు తిరిగినా వకీలే తగులుతున్నాడు. ఆ నాటకాన్ని భుజానికెత్తుకుని ఆడినది రాఘవ. ఆడవేషాలు ఆడవాళ్ళతోనే వేయించారు. ఆయనతో కలిసి నటించినవాళ్ళలో కొమ్మూరి పద్మావతీదేవి, కొప్పరపు సరోజిని ఉన్నారు. పద్మావతీదేవి 1908లో పుట్టారు. పెళ్ళయి పిల్లలున్న ఇల్లాలు. మన నాన్నలు చిన్నప్పుడు దాచిపెట్టి చదివిన డిటెక్టివ్ నవలల కొమ్మూరి సాంబశివరావు ఆమె కొడుకే.

పద్మావతీదేవి గురించి ఇంకా తెలుసుకోవాలని నేను చానా వెతికాను. రాఘవ గురించి పది పేజీలు దొరికిన పుస్తకంలో ఆమెకి రెండు వాక్యాలు దొరికాయి. ఆడవాళ్ళని స్టేజీ ఎక్కించిన గొప్పవాడు అని ఆయన్ని పొగిడే వ్యాసాల్లో ఎక్కిన ఆడవాళ్ళ పేర్లు ఒక కామా తర్వాత ఒక కామాగా అయిపోతాయి. ఆయనకి పోయేదేముంది, ఆయన పెద్ద వకీలు, మగవాడు, విమర్శిస్తే దులుపుకుని పోగలరు. మర్నాడు వీధి కుళాయి దగ్గర మాటలు పడాల్సింది ఎవరు? రిహార్సలునుంచి రాత్రి ఇంటికి నడిచి రావాల్సింది ఎవరు? ఇందులో రాఘవ తప్పేమీ లేదు. రాసినవాళ్ళమీద నాకు కొంచెం కోపం ఉంది, అంతే. అందుకే ఆమె పేరు ఈ వ్యాసంలో కామాల మధ్య కాకుండా విడిగా రాశాను.

సినిమాల్లోకి ఆయన ఆలస్యంగా వచ్చారు, మూడంటే మూడు చేశారు. 1936లో ద్రౌపదీ మానసంరక్షణం, అందులో దుర్యోధనుడు. అదే సంవత్సరం అదే కథతో ద్రౌపదీ వస్త్రాపహరణం అని ఇంకో సినిమా పోటీగా వచ్చి అది ఆడింది, ఇది పోయింది. యాభై ఆరేళ్ళ వయసులో, ముప్పై ఏళ్ళ పేరున్న నటుడికి అది ఎట్లా అనిపించి ఉంటుందో. దుర్యోధనుడి వేషంలో దెబ్బతిన్నది నేనొక్కదాన్నే కాదని చిన్న ఊరట, అది పోలిక కాదని తెలిసినా. తర్వాత 1939లో గూడవల్లి రామబ్రహ్మం తీసిన రైతుబిడ్డ. అందులో కిరీటం లేదు, గద లేదు, రైతు వేషం. జమీందారుల పెత్తనం మీద తీసిన సినిమా, జమీందార్లకి కోపం వచ్చింది, ప్రభుత్వం నిషేధించింది. అందులో టంగుటూరి సూర్యకుమారి కూడా ఉంది, అప్పటికి ఆమె చిన్నపిల్ల. పద్మావతీదేవి ఉన్నారు. 1940లో చండిక, కన్నాంబ ముఖ్యపాత్ర. అంతటితో సినిమా ముగిసింది. ఎదురుగా జనం లేకుండా, ముక్కలు ముక్కలుగా నటించడం ఆయనకి నచ్చి ఉండదని నా ఊహ.

1946 ఏప్రిల్ 16న బళ్ళారిలో కన్నుమూశారు. స్వాతంత్ర్యం చూడలేదు. ఇంకో సంగతి కూడా చూడలేదు. 1953 అక్టోబరు 1న మన జిల్లాని పంచారు. ఆదోని, ఆలూరు, రాయదుర్గం అటు ఆంధ్రలోకి, బళ్ళారి ఇటు మైసూరులోకి. ఆ గీత గీసినప్పుడు ఆయన బతికుంటే ఎటువైపువారని లెక్క రాసుకునేవారో! 1981లో ఆయన బొమ్మతో తపాలా బిళ్ళ వేశారు. ఆంధ్రలో ఆయన పేరుతో నాటకాలవాళ్ళకి పురస్కారం ఇస్తారు. ఇక్కడ కళామందిరం ఉంది, అందులో కన్నడ నాటకాలు కూడా ఆడతారు. ఆయన పేరు కింద కన్నడం వినపడితే ఆయనకి కొత్తేమీ కాదు.

చివరిగా నా సంగతి ఒకటి. మన కాలేజీలో మగవేషాలు కూడా మనమే వేసుకుంటాం, ఇంకో దారి లేదు. రాఘవ చూస్తే ఏమనేవారో అని తలుచుకుంటే నవ్వొస్తుంది. మీసం నాకిచ్చినందుకు కాదు, రాగం తియ్యమన్నందుకు కోప్పడేవారేమో. ఈమధ్య ఊళ్ళో ఒక నాటక బృందంవాళ్ళు, కన్నడ నాటకం, అందులో కూతురి వేషానికి నన్ను అడిగారు. తండ్రి వేషం, అన్న వేషం మగవాళ్ళే వేస్తారు. రిహార్సల్స్ సాయంత్రం ఆరునుంచి. అజ్జి ఫోన్లోనే సరే అంది. అమ్మ ఏమీ అనలేదు. అవ్వ మాత్రం మన ఇళ్ళలో ఆడపిల్లలు నాటకాలాడరు, అంది. రాఘవ మావాడు అని రెండేళ్ళుగా నాతో కొట్లాడుతున్న అవ్వే!

నేను గట్టిగా వాదించలేదు. పద్మావతీదేవి గురించి చెప్పాను, పిల్లల తల్లి అయివుండి కూడా స్టేజీ ఎక్కిందని. నాకు తెలిసిన రెండు వాక్యాలే చెప్పాను. అవ్వ చాటలో బియ్యం ఏరుతూ చానాసేపు ఏమీ మాట్లాడలేదు. ఆ తర్వాత, రాత్రిపూట ఆమెని ఇంటికి ఎవరు తీసుకొచ్చేవాళ్ళు అని అడిగింది. నాకు తెలియదు, ఏ పుస్తకంలోనూ రాయలేదు అన్నాను. అవ్వ నాన్నని పిలిచి స్కూటర్లో పెట్రోలు ఉందా అని అడిగింది.

సోమవారం నుంచి రిహార్సల్స్. ఆ నాటకంలో పద్యాలు లేవు.